పస్కా పంక్తిలో కొనుక్కొచ్చిన మనిషి

ఇశ్రాయేలీయుల (ప్రాచీన యూదుల) పస్కా పండుగ రాత్రి. ఏడాది వయసున్న మగ గొర్రెపిల్లను తలతో, కాళ్ళతో సహా నిప్పు మీద కాల్చారు. దాని ఎముక ఒక్కటి కూడా విరగ్గొట్టకూడదు. మాంసం ఇల్లు దాటి పోకూడదు, తెల్లవారేదాకా మిగలకూడదు. పక్కన పులియని రొట్టెలు, చేదు ఆకుకూరలు. ఆ ఇంట్లో పనిచేసే మగవాళ్ళు ఇద్దరున్నారనుకుందాం. మొదటివాడు ఎక్కడినుంచో వచ్చి కూలికి కుదిరాడు. అతడు ఎవరి సొత్తూ కాదు. పని ముగిశాక కూలి డబ్బు తీసుకుని తన దారిన పోతాడు. రెండోవాణ్ణి యజమాని వెండి తూచి కొన్నాడు. పోదామన్నా పోలేడు. ఇద్దరిలో ఆ మాంసం ఎవరు తినవచ్చు?

బైబిల్లోని నిర్గమకాండం 12వ అధ్యాయం 44, 45 వచనాలు సూటిగా చెబుతాయి. కొన్నవాడు తినవచ్చు, అయితే ముందు యజమాని అతనికి సున్నతి చేయించాలి. కూలివాడు తినకూడదు.

మొదటిసారి చదివినప్పుడు ఇది తలకిందులుగా రాసినట్టు కనిపిస్తుంది. పస్కా అంటే ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడిన రాత్రికి గుర్తు. ఆ భోజనానికి స్వతంత్రుడైన కూలివాణ్ణి గుమ్మం బయట ఆపి, బానిసను పంక్తిలో చేర్చుకోవడమేమిటి? ‘చూశారా, అంత పాతకాలంలోనే బానిసను కూడా కలుపుకున్నారు’ అని మురిసిపోయేవాళ్ళు ఉన్నారు. ‘బానిస ఒంటి మీద కూడా యజమాని తన మతాన్ని చెక్కాడు’ అని మండిపడేవాళ్ళూ ఉన్నారు. ఇరుపక్షాలూ చూపించేది ఇదే వచనాన్ని. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నాకనిపిస్తుంది. ఇద్దరూ ఆ మనిషిని విడిగా నిలబెట్టి చూస్తున్నారు. ఆ చట్టం రాసినవాళ్ళ కంటికి ఆనింది ఇల్లు.

మాటలతోనే మొదలయ్యే చిక్కు

తెలుగులో ఈ సంగతి చదివేవాళ్ళకు అదనంగా ఒక ఇబ్బంది ఉంది. ‘దాసుడు’ అనే మాట మనకు భక్తి వైపు నుంచి అలవాటైంది. రామదాసు అనగానే బానిస గుర్తుకు రాడు, భద్రాచలం గుర్తుకొస్తుంది. హీబ్రూ ‘ఎవెద్’ తెలుగు బైబిల్లో దాసుడు అయ్యేసరికి దాని కరకుదనం సగం కరిగిపోయింది. ప్రసంగాల్లో ఇంకా మెత్తబడి ‘పనివారు’ అయింది. ఎవెద్ సాగే మాటే, కాదనను. రాజుగారి కొలువులో అధికారి కూడా రాజుకు ఎవెదే, మోషే యెహోవాకు ఎవెద్. కానీ ఆదికాండం 17వ అధ్యాయం వాడిన మాట ‘మిక్నత్ కెసెఫ్’. వెండితో కొన్నది అని అర్థం. అదే ధాతువు నుంచి వచ్చిన ‘మిక్నె’ అంటే పశుసంపద. ఇక్కడ మెత్తబరచడానికి చోటు లేదు.

‘సున్నతి’ కథ ఇంకోలా ఉంది. అది అరబీ ‘సున్నత్’ నుంచి తెలుగునాట ముస్లిముల ఇళ్ళ ద్వారా మన భాషలోకి వచ్చిన మాట. బైబిలు అనువాదానికి అదే అందివచ్చింది. ఉర్దూవాళ్ళు దీన్నే ఖత్నా అంటారు. ఆ మాటకు హీబ్రూలో ఒక చుట్టం ఉంది: ‘హతాన్’, అంటే పెళ్ళికొడుకు, అల్లుడు. అరబీలో ఒకే ధాతువు సున్నతి వైపు ఒక కొమ్మ, అల్లుడి వైపు ఒక కొమ్మ వేసింది. మోషే భార్య సిప్పోరా చెకుముకి రాయితో కొడుక్కి సున్నతి చేసి ‘నెత్తుటి పెళ్ళికొడుకు’ అంటుందే, నిర్గమకాండం 4లోని ఆ అంతుపట్టని కథలోనూ ఇదే మాట. దీన్నిబట్టి ఈ తంతు మొదట్లో యుక్తవయసుకో పెళ్ళికో ముడిపడి ఉండేదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

ఇశ్రాయేలీయులు ఒక్కరే చేసుకున్నదీ కాదు. ఐగుప్తులో సక్కారా దగ్గర అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద క్రీ.పూ. 24వ, 23వ శతాబ్దాల నాటి శిల్పంలో ఎదిగిన యువకులకు సున్నతి చేస్తున్న దృశ్యం ఉంది. యిర్మీయా 9వ అధ్యాయం ఐగుప్తు, యూదా, ఎదోము, అమ్మోను, మోయాబులను ఒకే వరుసలో పెడుతుంది. సున్నతి లేనివాళ్ళని తిట్టించుకున్న పొరుగువాళ్ళు ఫిలిష్తీయులు. ఆదికాండం 17 తెచ్చిన కొత్తదనం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, తంతును పుట్టిన ఎనిమిదో రోజుకు జరపడం. దాంతో అది మగతనానికి గుర్తుగా ఉండడం మాని పుట్టుకకు గుర్తయింది. రెండోది, రక్తసంబంధం లేనివాళ్ళను కూడా అందులోకి లాగడం. ‘ఇంట పుట్టినవాడు, అన్యుని దగ్గర వెండితో కొనబడినవాడు’ అని ఆ అధ్యాయం 12, 13 వచనాల్లో రెండుసార్లు, చివర్లో మళ్ళీ రెండుసార్లు చెబుతుంది. అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే అది అందరికీ తెలిసిన సంగతి కాదన్నమాట.

ఈ అధ్యాయాన్ని యాజక (పూజారి) వర్గపు రచనగా, యూదులను బందీలుగా తీసుకుపోయిన బబులోను చెర కాలానికో ఆ తరువాతి పారసీక కాలానికో చెందినదిగా ఎక్కువమంది పండితులు లెక్కిస్తారు. చుట్టూ ఉన్న బబులోనీయులకు సున్నతి అలవాటు లేదు. ఆలయం కూలిపోయింది, రాజు లేడు, నేల చేతిలో లేదు. మిగిలింది ఇల్లు ఒక్కటే. అక్కడినుంచి తిరిగి వచ్చినవాళ్ళ లెక్క ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది: సమాజం 42,360 మంది, వాళ్ళ దాసదాసీలు 7,337 మంది. సుమారు ఆరుగురికి ఒక బానిస. ఇందరిని ఇళ్ళలో పెట్టుకుని ‘మనం ఎవరం?’ అని అడుక్కునే సమాజానికి, ఆ 7,337 మంది ఎవరికిందికి వస్తారన్నది చిన్న ప్రశ్న అయి ఉండదు.

ఆదికాండం ప్రకారం సున్నతి మొదలైన ఆ తొలి రోజున ఇశ్రాయేలీయుల మూలపురుషుడు అబ్రాహాముకు 99 ఏళ్ళు, అతని కొడుకు ఇష్మాయేలుకు 13. ఇంట్లోని మగవాళ్ళందరికీ ‘ఆ దినమందే’ సున్నతి అయింది. అంతకు మూడు అధ్యాయాల ముందు అబ్రాహాము ఇంట పుట్టి యుద్ధవిద్య నేర్చినవాళ్ళే 318 మంది ఉన్నారని చదివాం. ఎదిగిన మగవాడికి సున్నతి అయిన మూడో రోజున ఎంత బాధగా ఉంటుందో అదే గ్రంథంలోని షెకెము ఊరివాళ్ళ కథ చెబుతుంది; ఆ నొప్పిలో మీదపడ్డవాళ్ళను ఎదిరించలేకపోయారు. ఆ లెక్కన అబ్రాహాము గుడారాల్లో ఆ వారమంతా మందలకు నీళ్ళు తోడింది ఎవరు? ఆడవాళ్ళే తోడి ఉంటారు. ఆ అధ్యాయానికి ఆ ధ్యాస లేదు. ఒప్పుకున్నారా అని ఆ 318 మందిని ఎవరైనా అడిగారా అన్న ధ్యాసా లేదు.

యాజకుడి కూతురు, యాజకుడి బానిస

‘ఇల్లు’ అన్నది ఎంత గట్టి కొలతో తెలియాలంటే లేవీయకాండం 22వ అధ్యాయం చూడాలి. ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి అక్కడ ఉందని నా నమ్మకం, ప్రసంగాల్లో దాని ఊసెత్తేవాళ్ళు మాత్రం తక్కువ.

దేవునికి ప్రతిష్ఠించిన ఆహారాన్ని యాజకుడి ఇంటివాళ్ళు తప్ప ఇతరులు తినకూడదు. ఇంటివాళ్ళంటే ఎవరు? యాజకుని దగ్గర ఉంటున్న పరదేశి తినకూడదు. జీతగాడు తినకూడదు. యాజకుడు వెండితో కొన్నవాడు తినవచ్చు. అతని ఇంట పుట్టినవాడూ తినవచ్చు. వెంటనే వచ్చే వచనం ఇంకా పదునైనది. యాజకుని సొంత కూతురు బయటివాణ్ణి పెళ్ళాడితే ఇక ఆ ఆహారం ముట్టకూడదు. ఆమె విధవరాలై గానీ విడిచిపెట్టబడి గానీ, పిల్లలు లేకుండా పుట్టింటికి తిరిగొస్తే, చిన్నప్పటిలాగే తండ్రి ఆహారం తినవచ్చు.

కడుపున పుట్టిన కూతురు గడప దాటితే బయటిది. సంతలో కొన్నవాడు గడప లోపలికి వస్తే లోపలివాడు. ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్లే, ‘ఈడ’ పిల్ల కాదని మన ముసలమ్మలు అంటారు కదా. పెళ్ళితో గోత్రం, ఇంటిపేరు మారిపోయే సమాజంలో పెరిగినవాళ్ళకు ఈ తర్కం పట్టుబడడం కష్టం కాదు. రక్తాన్ని బట్టి కాకుండా ఎవరి కప్పు కింద ఉన్నావన్నదాన్ని బట్టి వంతు నిర్ణయమవుతుంది.

ఇప్పుడు పస్కా దగ్గరికి తిరిగొద్దాం. గొర్రెపిల్లను తెచ్చుకోవాల్సింది మనిషికి ఒకటి చొప్పున కాదు, ఇంటికి ఒకటి. ఇల్లు చిన్నదైతే పొరుగింటితో కలిసి పంచుకోవాలి. రక్తం పూయాల్సింది ఇంటి ద్వారబంధానికి. అది గుడిలో పంచే ప్రసాదం కాదు, ఒక ఇల్లు తాను ఒక ఇల్లని ప్రకటించుకునే భోజనం. కూలివాడికి ఎక్కడో తన ఇల్లు తనకుంది, తన దేవుళ్ళు తనకున్నారు. అతణ్ణి బయట ఆపడమంటే అతనికి వేరే ఇల్లుందని ఒప్పుకోవడమే. కొన్నవాడికి ఇంకో ఇల్లు లేదు. కొనుగోలుతో అది పోయింది. పంక్తిలో అతనికి చోటు దొరకడం వెనక ఉన్నది ఆ పోగొట్టుకోవడమే. అందుకే ఈ చేర్చుకోవడాన్ని దయ అని గానీ దౌర్జన్యం అని గానీ ఒక్క మాటలో తేల్చెయ్యడానికి నాకు నోరు రాదు.

క్రియాపదాలు కూడా చూడండి. బానిస గురించి: ‘నీవు అతనికి సున్నతి చేసిన తరువాత’. చేసేవాడు యజమాని. నాలుగు వచనాలు దాటితే పరదేశి గురించి: అతడు పస్కా ఆచరించగోరితే తన ఇంటి మగవాళ్ళందరికీ సున్నతి చేయించుకుని దగ్గరికి రావచ్చు, అప్పుడు దేశంలో పుట్టినవానితో సమానం. కోరిక పరదేశికి ఉంది. బానిస కోరిక ఆ వాక్యంలోకే రాలేదు. ‘దేశంలో పుట్టినవానితో సమానం’ అన్న మాటా బానిస వాక్యంలో లేదు.

ఇంట పుట్టినవాడు ఎలా పుట్టాడు

‘ఇంట పుట్టినవాడు’ అన్న మాట వినడానికి ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. మనింట్లో పుట్టి పెరిగినవాడు అన్నట్టు. హీబ్రూలో ‘యెలీద్ బయిత్’. ఆ మనిషి ఆ ఇంట్లో ఎలా పుట్టాడో నిర్గమకాండం 21:4 చెబుతుంది. హెబ్రీ (ఇశ్రాయేలీయ) దాసుడు ఆరేళ్ళు పనిచేసి ఏడో ఏట ఊరికే విడుదలై పోతాడు. కానీ ఆ ఆరేళ్ళలో యజమాని అతనికి ఒక దాసిని భార్యగా ఇచ్చి, ఆమెకు పిల్లలు పుడితే, ఆమె, పిల్లలు యజమానికి చెందుతారు. అతడు మాత్రం ఒంటరిగా పోవాలి. ఇంట పుట్టినవాడు అంటే అటువంటి పిల్లవాడు. తండ్రి వెళ్ళిపోయాక కూడా ఆ ఇంట్లోనే మిగిలిపోయినవాడు. పుట్టిన ఎనిమిదో రోజున అతనికి సున్నతి చేయించేది యజమాని.

భార్యాపిల్లలను విడిచి పోలేనని తండ్రి అంటే దానికీ ఒక తంతు ఉంది. యజమాని అతణ్ణి తలుపు దగ్గరికో ద్వారబంధం దగ్గరికో తీసుకుపోయి కదురుతో చెవి గుచ్చుతాడు. ఇక జీవితాంతం బానిసే. ఇక్కడ ద్వారబంధానికి వాడిన హీబ్రూ మాట ‘మెజూజా’. పస్కా రాత్రి గొర్రెపిల్ల రక్తం పూసింది కూడా మెజూజాకే. అదే కొయ్య. ఒక రాత్రి దాని మీద విడుదల గుర్తు పడింది, ఇంకో రోజు దానికి ఆనించి ఒక మనిషి చెవికి తూటు పడింది.

హెబ్రీవాడికి ఆరేళ్ళ గడువైనా ఉంది. పరజాతి నుంచి కొన్నవాడికి అదీ లేదు. లేవీయకాండం 25:44–46 ప్రకారం అతడు శాశ్వత స్వాస్థ్యం; తండ్రి పోతే కొడుకులకు వారసత్వంగా సంక్రమిస్తాడు. సున్నతి అయింది కదా, ఇక హెబ్రీవాడితో సమానం, ఏడో ఏట వదిలెయ్యాలి అని ఏ వచనమూ అనదు. సున్నతి అతనికి భోజనం దాకా దారి ఇచ్చింది, వాకిలి దాటే దారి ఇవ్వలేదు. ధర్మశాస్త్రం (బైబిల్లోని మొదటి ఐదు కాండాలు) అంతా ఒకే గొంతు కాదన్నదీ నిజమే: పారిపోయి వచ్చిన బానిసను యజమానికి అప్పగించవద్దని, అతనికి నచ్చిన ఊళ్ళో ఉండనివ్వమని ద్వితీయోపదేశకాండం 23 ఆజ్ఞాపిస్తుంది. అంతకు ఎంతో ముందటి బబులోను రాజు హమ్మురాబి చట్టం పారిపోయిన బానిసను దాచినవాణ్ణి చంపమంది. లేవీయకాండపు, ద్వితీయోపదేశకాండపు ఈ రెండు మాటలనూ ఒక ఇంట్లో ఎలా ఇమిడ్చారో గాని, ఇమిడ్చారు.

గుర్తు ఉన్నంత మాత్రాన వాటా రాదన్న సంగతి ఆదికాండం 17 తనంత తానే చెప్పింది. ఇష్మాయేలుకు సున్నతి అయింది, హాగరు అనే ఐగుప్తు దాసి కొడుకు అతడు. అదే అధ్యాయంలో, అదే రోజున, నిబంధన (దేవుడు చేసుకునే ఒడంబడిక) మాత్రం ఇంకా పుట్టని కొడుకు ఇస్సాకుతోనేనని దేవుడు తేల్చేశాడు. ఒంటి మీద ఒకే గుర్తు, చేతికి వేరువేరు వంతులు.

ఈ పరాధీనమైన భక్తి ఎలా ఉంటుందో ఆదికాండం 24వ అధ్యాయంలో ఒక్క వాక్యంలో వినవచ్చు. అబ్రాహాము తన పెద్ద దాసుణ్ణి ఇస్సాకుకు పిల్లను చూసి రమ్మని పంపాడు. అతడు ఊరి బావి దగ్గర ఒంటెలను మోకరింపజేసి ప్రార్థించాడు. మనస్ఫూర్తిగా చేసిన ప్రార్థనే, నెరవేరింది కూడా. కానీ మొదలుపెట్టింది ఇలా: ‘నా యజమానుడైన అబ్రాహాము దేవుడవైన యెహోవా’. నా దేవా అనలేదు. ఆ అధ్యాయం పొడుగునా అతనికి పేరు కూడా లేదు.

ఊపిరి

సున్నతితో పనిలేకుండా బానిసకు దక్కినవి ఉన్నాయి, అవి చిన్నవి కావు. విశ్రాంతిదినం అందులో మొదటిది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి, అందరూ పని మానాలి. ద్వితీయోపదేశకాండం 5 దీనికి చెప్పిన కారణం: నీవలెనే నీ దాసుడూ దాసీ విశ్రమించాలి, నువ్వూ ఐగుప్తులో దాసుడివేనని గుర్తుంచుకో. నిర్గమకాండం 23:12లో ఇంకా సన్నటి మాట ఉంది. ‘నీ దాసి కొడుకు’ ఏడో రోజున ఊపిరి తీసుకోవాలని. ఆ హీబ్రూ క్రియ బైబిల్లో అరుదు, మూడంటే మూడు చోట్ల కనిపిస్తుంది. తిరగబడిన కొడుకు అబ్షాలోముకు జడిసి పారిపోతూ అలసిన దావీదు రాజు ఒకచోట ఊపిరి తీసుకున్నాడు. ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజున యెహోవా ఊపిరి తీసుకున్నాడు. మూడోవాడు దాసి కొడుకు. తండ్రి విడిచిపోయిన ఆ ఇంట పుట్టినవాడికి, దేవుడికి, ఒకే క్రియాపదం.

పండుగల్లోనూ చోటుంది. వారాల పండుగకు, పర్ణశాలల పండుగకు యెహోవా సన్నిధిని సంతోషించవలసినవాళ్ళ జాబితాలో దాసుడు, దాసి పేర్లు లేవీయునికి (గుడి సేవ చేసే గోత్రంవాడికి), విధవరాలికి, తండ్రిలేని బిడ్డకు ముందే వస్తాయి. ఆడవాళ్ళు చేరడం ఈ వైపు నుంచే. అబ్రాహాము భార్య శారాకూ ఒంటి మీద గుర్తు లేదు, ఆమె దాసికీ లేదు. ఇంటి యజమాని గుర్తే ఇంట్లోని ఆడవాళ్ళకు చెల్లింది.

చెవి, చెయ్యి, వెండి

చట్టంలో రాసింది వేరు, పత్రాల్లో జరిగింది వేరు. నైలు నదిలో అస్వాన్ దగ్గర ఎలిఫంటైన్ అనే ద్వీపం ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో అక్కడ పారసీకుల కొలువులో యూదు సైనికుల కాపురాలు, వాళ్ళకు సొంతంగా యాహు (యెహోవా) దేవుని గుడి ఉండేవి. మిబ్తహ్యా అనే సంపన్నురాలు పోయాక ఆమె కొడుకులిద్దరూ క్రీ.పూ. 410లో బానిసలను పంచుకున్న పత్రం దొరికింది. అందులో ఒకడి పేరు పెటోసిరి, అంటే ఒసిరిస్ ఇచ్చినవాడు. యాహును కొలిచే ఇంట్లో ఐగుప్తు దేవుడి పేరుతోనే బతికాడు. అతని చేతిమీద అరమాయిక్ అక్షరాలతో పచ్చబొట్టు: ‘మిబ్తహ్యాది’. దేవుడి గుర్తు అందరికీ కనపడని చోట ఉంటే, యజమానురాలి గుర్తు బజారులో నడిచేటప్పుడు ఎవరికైనా కనిపించే చోట ఉంటుంది.

ఇంకోటి యెరికోకు ఉత్తరాన వాదీ దాలియే గుహలో 1962లో బయటపడింది. అలెగ్జాండర్ సేనలకు భయపడి సమరియ నుంచి పారిపోయినవాళ్ళు తమతో తెచ్చుకున్న దస్తావేజులవి. వాటిలో ఎక్కువ భాగం బానిసల అమ్మకపు పత్రాలే. క్రీ.పూ. 335 నాటి పత్రంలో యెహోహనాన్ అనే మనిషిని 35 షెకెళ్ళ (ఆనాటి తూకం) వెండికి శాశ్వతంగా అమ్మారు. ఎద్దు పొడిచి బానిస చనిపోతే యజమానికి కట్టాల్సిన పరిహారం నిర్గమకాండంలో 30 షెకెళ్ళు. ఆ లెక్కకు కాస్త పైన. యెహోహనాన్ అంటే ‘యెహోవా కరుణించాడు’ అని అర్థం. అమ్మినవాడు, కొన్నవాడు, అమ్ముడైనవాడు, ముగ్గురివీ పేర్లు చూస్తే ఒకే దేవుణ్ణి కొలిచే సమాజమే. ఇశ్రాయేలు సోదరుణ్ణి బానిసగా అమ్మకూడదన్న లేవీయకాండపు మాట ఆ వెండి తూచిన త్రాసు దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు.

మంచం కింద తాబి

ఆదికాండం అడగని ప్రశ్నను తరువాతి శతాబ్దాల రబ్బీలు (యూదు ధర్మపండితులు) అడిగారు: బానిస సున్నతి వద్దంటే? రబ్బీల చర్చల సంకలనమైన తల్మూదులో, యెబామోత్ భాగంలో, రబ్బీ యెహోషువ బెన్ లేవీ చెప్పిన తీర్పు ఉంది. పరజాతివాడి దగ్గర కొన్న బానిస సున్నతికి ఒప్పుకోకపోతే 12 నెలలు ఓపిక పట్టాలి. అప్పటికీ కాదంటే మళ్ళీ పరజాతివాడికే అమ్మెయ్యాలి. సున్నతి లేని బానిసను ఇంట్లో ఉంచుకోవచ్చని రబ్బీ ఇష్మాయేలు, కూడదని రబ్బీ అకీవా వాదించుకున్నారు. కాదనే హక్కు దొరికింది, ఏడాదికి. ఫలితంగా వచ్చేది ఇంకో యజమాని. మృతసముద్రపు గ్రంథాల వర్గానికి చెందిన దమస్కు నియమావళి అదీ ఒప్పుకోలేదు. దాసుణ్ణి, దాసిని అన్యులకు అమ్మవద్దంది. వాళ్ళు యజమానితో పాటు అబ్రాహాము నిబంధనలోకి వచ్చారు కాబట్టి.

రబ్బీల లెక్కలో సున్నతి, స్నానం అయిన బానిస సగం యూదుడు. స్త్రీలకు వర్తించే ఆజ్ఞలే అతనికీ వర్తిస్తాయి. విడుదల పత్రం చేతికొచ్చి, మళ్ళీ ఒకసారి నీట మునిగి లేచాకే పూర్తి యూదుడు. అంటే మతంలోకి రావడం రెండు మెట్లుగా చీలింది, రెండో మెట్టు పేరు స్వేచ్ఛ.

మొదటి మెట్టు మీద నిలబడిన మనిషి ఎలా బతికాడో రబ్బీల తొలి ధర్మసంకలనమైన మిష్నాలో ఒక చోట కంటికి కట్టినట్టు ఉంది. క్రీ.శ. 100 ప్రాంతంలో యాబ్నె ఊరి పండితుల పీఠానికి పెద్ద రబ్బాన్ గమలీయేలు. ఆయన బానిస పేరు తాబి. పర్ణశాలల పండుగకు అందరూ ఆకుల పందిరి కింద పడుకోవాలి. తాబి కూడా పందిరిలోనే పడుకున్నాడు, కానీ మంచం కింద. మంచం అడ్డొస్తే పందిరి కింద పడుకున్నట్టు లెక్కలోకి రాదు. గమలీయేలు పెద్దలతో గర్వంగా అన్నాడు: ‘చూశారా నా తాబిని, పండితుడు. బానిసలకు ఈ ఆజ్ఞ వర్తించదని తెలుసు, అందుకే మంచం కింద పడుకున్నాడు.’ తాబి చనిపోయినప్పుడు గమలీయేలు పరామర్శలు స్వీకరించాడు. బానిసలకు పరామర్శ తీసుకోకూడదని మీరే నేర్పారు కదా అని శిష్యులు అడిగితే, తాబి మిగతా బానిసల్లాంటివాడు కాదు, యోగ్యుడు అన్నాడు. అంత ప్రేమ ఉంది. అంత పాండిత్యం ఉంది. పందిరి లోపలే ఉన్నాడు. అయినా మంచం కింద.

రోము ఈ వ్యవహారంలో తలదూర్చాక కథ వేరే మలుపు తిరిగింది. ఆంటోనినస్ పియస్ చక్రవర్తి యూదులు తమ కొడుకులకు మాత్రమే సున్నతి చేసుకోవచ్చన్నాడు. 335లో కాన్‌స్టంటైన్, యూదు యజమాని సున్నతి చేయించిన బానిస స్వతంత్రుడైపోతాడని శాసించాడు. ఇంట్లో కట్టిపడేసిన తంతే కొంతకాలం రాజశాసనం ముందు సంకెళ్ళు తెంచే సాక్ష్యమైంది, అది బానిస మీద జాలితో చేసిన చట్టం కాకపోయినా.

ఈ చట్టాల నీడ మన తీరం దాకా వచ్చింది. 1132లో మంగళూరులో ట్యునీసియా యూదు వర్తకుడు అబ్రాహాం బెన్ యీజూ, అషు అనే దాసిని విడుదల చేసిన పత్రం కైరో సమాజమందిరపు (యూదుల ప్రార్థనాలయం) కాగితాల గదిలో శతాబ్దాలు పదిలంగా ఉంది. ఆమెకు బెరాఖా అని కొత్త పేరు పెట్టారు. అక్కడికి దక్షిణాన కొచ్చిలో, మట్టంచేరిలో, 1568లో కట్టిన పరదేశి యూదుల సమాజమందిరం ఉంది. అక్కడి కుటుంబాలు విడుదల చేసిన బానిసల సంతతిని ‘మెషుహ్‌రారిం’ అనేవారు, హీబ్రూలో విడుదలైనవారు అని. వాళ్ళకు సున్నతి ఉంది, సబ్బాతు (విశ్రాంతిదినం) ఉంది, పస్కా ఉంది, తరతరాలుగా ఉంది. ధర్మశాస్త్రం చదవడానికి మాత్రం వాళ్ళను పిలిచేవారు కాదు. ఆ కుటుంబాలతో పెళ్ళి సంబంధాలు లేవు. 1882లో వాళ్ళలో పుట్టిన అబ్రాహాం బరాక్ సేలం చదువుకుని వకీలయ్యాడు, గాంధీ పద్ధతి పట్టుకుని సొంత సమాజమందిరంలోనే సత్యాగ్రహం చేశాడు. ఆయన పోరాడింది లోపలికి పోవడానికే. అప్పటిదాకా వాళ్ళ వాళ్ళు ప్రార్థనకు కూర్చున్నది ప్రధాన మందిరానికి ఇవతల ఉన్న ముందు గదిలో.